భోగి పొద్దున వేడివేడిగా: శొంఠి, మిరియం, కొంచెం లెక్క

ఈ సంచికకి నాకొచ్చిన టాపిక్ "చలికాలం పార్టీ డ్రింకులు". మా ఉద్దానంలో చలికాలం పార్టీ అంటే ఒకటే, భోగి మంట. చెన్నైలో, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనికెళ్లినవాళ్లు పలాస స్టేషన్‌లో దిగి ఊళ్లకొస్తారు. తెల్లారి నాలుగింటికి మంట చుట్టూ ముప్పై మంది ఉంటారు. వాళ్ల చేతుల్లో ఏం పెట్టాలన్నదే నా పాఠం. ఇది నేను ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నాను.

మా ఊరు కవిటి వైపు. రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు యూట్యూబ్‌లో చూసి ఒక మాక్‌టెయిల్ చేశాను. కొబ్బరినీళ్లు, కమలాపండ్ల రసం, బెల్లం, అల్లం కలిపి గోరువెచ్చగా కాచాను. "ఉద్దానం హాట్ పంచ్" అని పేరు కూడా పెట్టుకున్నా. మా చెట్టు కొబ్బరికాయలు, మా అమ్మ తెచ్చిన బెల్లం. ఇంతకంటే ఏం కావాలి? పెద్ద గ్లాసు నింపి ముందు మా మావయ్యకే ఇచ్చాను. ఆయన రెండు గుక్కలు తాగి, "బాగుంది బావూ" అని గ్లాసు పక్కన పెట్టాడు. అత్త వచ్చి మాట్లాడకుండా తీసుకెళ్లిపోయింది. వంటింట్లో నన్ను పిలిచి, "ఆయనకి కొబ్బరినీళ్లు ఇయ్యకూడదురా నాన్నా. నువ్వు ప్రేమగా ఇచ్చావని తాగీసినాడు" అంది.

మావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తాడు. నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. ఆరోగ్యానికి మంచివన్నీ అందరికీ మంచివే అనుకున్నాను.

బయటి జిల్లాల ఫ్రెండ్స్ కోసం రెండు మాటలు. ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని కొబ్బరి, జీడి, పనస తోటల నేల. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టేసింది. అంతకు చాలాముందే ఇక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. బోరునీళ్లలో సిలికా మీద, భారలోహాల మీద, పురుగుమందుల మీద, ఎండలో ఒళ్లు ఎండిపోయే పని మీద అనుమానాలున్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల సుజలధార పథకం కూడా అదే రోజు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక భ్రమ సంగతి చెప్పాలి. "టీ కదా, మరిగించాం కదా, ఏ నీళ్లైతే ఏంటి" అంటారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. కరిగి ఉన్న సిలికా, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ అవే గిన్నెలో చిక్కబడతాయి. కాబట్టి కషాయానికైనా కాఫీకైనా పైపు నీళ్లో, ఆర్‌వో ప్లాంటు నీళ్లో పొయ్యి మీదికెక్కాలి.

ఇప్పుడు నా హాట్ పంచ్ పోస్ట్‌మార్టం. గ్లాసు 200 మిల్లీలీటర్లు. మావయ్యకి రోజు మొత్తానికి డాక్టరు ఇచ్చిన నీటి కోటా 750. అందులో మంచినీళ్లే కాదు, టీ, చారు, మజ్జిగ, చోడంబలి, పారేదేదైనా లెక్కలోకే. అంటే ఒక్క గ్లాసుతో కోటాలో నాలుగోవంతు పైన ఖాళీ. ఇక పొటాషియం. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకి సుమారు 250 మిల్లీగ్రాములుంటుంది. కమలారసంలో 200కి దగ్గర్లో. బెల్లంలోనూ బాగానే ఉంటుంది, పంచదారలో దాదాపు లేదు. మొత్తం కలిపితే నా గ్లాసు నాలుగు వందలు దాటింది. డయాలసిస్ వాళ్లకి రోజుకి సాధారణంగా రెండు గ్రాముల దగ్గర గీత గీస్తారు. ఆ గీత దాటి రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. మనకి మూత్రంలో పోయేది ఆయనకి పోదు. పాలు పోస్తే ఫాస్ఫరస్ కూడా తోడవుతుంది. ఈ లెక్క చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, మరి మంట దగ్గర మగవాళ్లు తాగే బ్రాందీ? "సలి పోద్ది" అంటారు. నిజానికి మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. వేడి రక్తం పైకి రావడంతో ఒళ్లు వెచ్చబడినట్టుంటుంది, కానీ ఆ వేడి బయటి చలిలోకి పోతుంది. లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది. థర్మోడైనమిక్స్ చదివినవాళ్లకి ఇంకా చెప్పక్కర్లేదు. పైగా ఆల్కహాల్ ఒంట్లో నీటిని ఆపే వాసోప్రెసిన్‌ని తగ్గిస్తుంది. తాగినదానికన్నా ఎక్కువ నీళ్లు పోతాయి. కిడ్నీల గురించి ఇంత భయం ఉన్న ఊళ్లో ఇది మంచి బేరం కాదు.

ఇక్కడో తమాషా. ఇంగ్లీషువాళ్లు చలికి విస్కీలో వేడినీళ్లు, తేనె, నిమ్మరసం కలిపి "హాట్ టాడీ" అని తాగుతారు. ఆ "టాడీ" మన దేశపు మాటే, హిందీ తాడీ నుంచి వెళ్లింది. తాడి అంటే మన తాటిచెట్టే. మన కల్లు పేరు పట్టుకెళ్లి విస్కీకి పెట్టారు. మనం ఆ పేరుని మళ్లీ హోటల్ మెనూలో చూసి గొప్పగా చెప్పుకుంటాం!

మందు లేకుండా వెచ్చదనం ఎలా? దీనికి జవాబు మా అమ్మమ్మ డబ్బాలోనే దొరికింది, శొంఠి. మన నాలుక మీద, నోట్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్, మిరియంలోని పైపరిన్, అల్లంలోని జింజరాల్ కూడా దాన్నే తెరుస్తాయి. అందుకే కారాన్ని మెదడు వేడి అనుకుంటుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు జింజరాల్ నీటిని వదిలి షోగాల్ అవుతుంది. దాని ఘాటు ఇంకా ఎక్కువ. అంటే శొంఠితో చాలా తక్కువ నీళ్లలో చాలా ఎక్కువ వెచ్చదనం దొరుకుతుంది. మావయ్యకి కావలసింది సరిగ్గా అదే. నేను గ్లాసు పెద్దది చేసి ప్రేమ చూపిద్దామనుకున్నాను, ఆయనకి గ్లాసు చిన్నదవ్వాలి.

పోయిన భోగికి ఇలా చేశాను. పదిమందికి లీటరు నీళ్లు. రెండంగుళాల శొంఠి కొమ్ము, చెంచాడు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు ఏలకులు వేసి, మూడువంతుల్లో రెండు వంతులయ్యేదాకా మరిగించాలి. మెత్తటి పొడి చేస్తే అడుగున మడ్డి దిగి గొంతులో గీరుతుంది. వడకట్టాక, బెల్లం వెయ్యకముందే, మావయ్యకి అరవై మిల్లీలీటర్లు పక్కకి తీసి చెంచాడు పంచదార కలిపాను. తర్వాత మిగతాదాంట్లో నూరు గ్రాముల తాటిబెల్లం. పాలు కావాలన్నవాళ్లకి వేరే కాచి, స్టవ్ ఆపాకే కలపండి, బెల్లంతో కలిసి మరిగితే విరిగిపోవచ్చు. పచ్చి అల్లం వాడితే ముందు నీళ్లలో బాగా ఉడకనివ్వాలి. దానిలోని ఎంజైమ్ పాల ప్రోటీన్‌ని విరగ్గొడుతుంది, ఉడికితే అది చచ్చిపోతుంది.

ఆ అరవై మా మావయ్య లెక్క, ముందే డయాలసిస్ సెంటర్‌లో అడిగి వేసింది. మీ ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే వాళ్ల లెక్క వేరు, వాళ్ల డాక్టర్నే అడగండి.

గ్లాసులు మాత్రం అందరికీ ఒకటే పెట్టాను, మా ఇంట్లోని చిన్న స్టీలువి. అంతకుముందు ఏడాదుల్లో మావయ్య మంట దగ్గర ఖాళీ చేతుల్తో కూర్చునేవాడు. ఎవరైనా టీ ఇస్తే "ఇప్పుడే తాగినాను" అనేవాడు. ఈసారి అందరితోపాటు ఊదుకుంటూ పావుగంట తాగాడు. అయ్యాక గ్లాసు తిరగేసి చూసి, "ఏటే, ఇంకో సుక్క ఉందా?" అని అత్తని అడిగాడు. అత్త ఇంట్లోకి వెళ్లి, గుర్తులు గీసుకున్న ఆయన నీళ్ల సీసా తెచ్చి మంట వెలుగులో ఎత్తి చూసింది.

"సగం గ్లాసు. మజ్జానం చారు మానేస్తానంటే" అంది.

"మానేస్తాన్లే, పొయ్యి" అన్నాడు.