నడివయస్సున డిగ్రీ చదువు: దరఖాస్తుకు ముందు తెలిసికొనవలసినవి

ఇల్లు నిలబెట్టుటకై చదువు మానినవారు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో ప్రతి గ్రామమునను గలరు. పదియవ తరగతి కాగానే కొందరు ఆడపిల్లలకు పెండ్లి జరిగినది. మగపిల్లలు కొందరు సిరిసిల్లలో సాంచెలు నడుపుటకు, కొందరు సింగరేణి గనులకు, మరికొందరు దుబాయికి పోయిరి. ఇరువది యేండ్లు గడచి, పిల్లలు పెద్దవారైన పిమ్మట "మేమును డిగ్రీ చదువవచ్చునా?" అను కోరిక వారికి కలుగును. "ఈ వయస్సున చదివి కలెక్టరు వగుదువా?" అని ఇరుగుపొరుగువారు నవ్వుదురేమోనని అడుగక ఊరకుందురు.

చదువవచ్చునని మా సమాధానము. అయితే ఏ ద్వారమున, ఏ కాగితములతో ప్రవేశింపవలెనో ముందుగా తెలిసికొననిచో ధనమును, అంతకుమించి ఉత్సాహమును నష్టపోవలసి వచ్చును.

ఈ మార్గము ఏర్పడిన విధము

కళాశాలకు పోలేనివారి యింటికే పాఠములు పంపు పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ప్రారంభించినది. 1969లో బ్రిటనులో సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. మన దేశమున అట్టి విశ్వవిద్యాలయములలో మొదటిది 1982లో మన రాష్ట్రముననే వెలసినది. ఆనాడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు కరీంనగర్ జిల్లావారే. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే తొలి ఉపాధ్యక్షులైరి. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు.

ఎవరు చేరవచ్చును?

అంబేద్కర్ విశ్వవిద్యాలయములో డిగ్రీ చదువుటకు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇంటర్మీడియట్ గాని, దానికి సమానమని అంగీకరింపబడిన అర్హత గాని గలవారు నేరుగా చేరవచ్చును. తెలుగు మాధ్యమమున చదువవచ్చును. పాఠ్యపుస్తకములును తెలుగులో గలవు.

ఇంటర్మీడియట్ లేనివారు నిరాశ చెందనవసరము లేదు. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠము, అనగా ఓపెన్ స్కూల్, అట్టివారి కొరకే గలదు. బడి మానినవారు మొదట అందు పదియవ తరగతి, పిదప ఇంటర్మీడియట్ పూర్తిచేయవచ్చును. అన్ని పరీక్షలు ఒక్కసారే వ్రాయవలెనను నిర్బంధము లేదు. ఉత్తీర్ణమైన విషయములు నిలుచును. తక్కినవి తరువాత వ్రాసికొనవచ్చును. ఇది రెండు మెట్ల దారియే యైనను నమ్మదగిన దారి.

కాగితములు సరిచూచుకొనుట

నడివయస్సువారి దరఖాస్తులు తరచుగా చిక్కుపడునది చదువు వద్ద కాదు, పేరు వద్ద. పదియవ తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉండుట స్త్రీల విషయమున సామాన్యము. పుట్టినతేది సైతము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగ నుండును. 2024 నుండి దూరవిద్యలో చేరువారు విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి "డెబ్ ఐడి" అను గుర్తింపుసంఖ్య తీసికొనవలసి యున్నది. అందుకు ఆధార్ వివరములు అవసరము. కావున ప్రకటన వెలువడువరకు వేచియుండక, ముందే రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము పోల్చి చూడవలెను. భేదమున్నచో ఆధార్ కేంద్రమున సరిచేయించుకొనవలెను. మెమో పోయినచో, చదివిన బడి ప్రధానోపాధ్యాయుని కలిసి నకలు పొందు విధానము తెలిసికొనవలెను.

దరఖాస్తు ఆన్‌లైనులో నింపవలెను. చేతకానిచో ఇంటనున్న చదువుకొన్న పిల్లల సాయము తీసికొనుడు. కాని అందు ఇచ్చు ఫోను నంబరు మాత్రము మీదే కావలెను. ఇంటర్నెట్ దుకాణదారుని నంబరు ఇచ్చినచో పరీక్షల కబురు అతనికి చేరును, మీకు చేరదు. రుసుము చెల్లించిన రసీదును భద్రపరచుడు.

అధ్యయన కేంద్రమును ఎన్నుకొనునపుడు పేరు ప్రతిష్ఠలు చూడవలదు. ఉదయము బస్సెక్కి సాయంత్రమునకు ఇల్లు చేరగల పట్టణమును చూడుడు. ఏజెన్సీ గ్రామములవారికి ఇది మరింత ముఖ్యము.

మోసపోవలదు

"పరీక్ష వ్రాయనక్కరలేదు, పట్టా మేమిప్పింతుము" అనువారు పట్టణములలో తారసపడుదురు. అట్టి పట్టా కొన్నవాడు ధనము పోగొట్టుకొనుటయే గాక నేరమునకును లోనగును. ఏ విశ్వవిద్యాలయమైనను, మీరు కోరిన కోర్సునకు ఆ సంవత్సరము నిధుల సంఘము అనుమతి యున్నదో లేదో విచారించిన పిదపనే రుసుము కట్టవలెను.

మరియొక సంగతి. గుర్తింపు గల దూరవిద్య డిగ్రీ సాధారణ డిగ్రీతో సమానమే. అయినను డిగ్రీ వచ్చినంతమాత్రమున ఉద్యోగముల వయోపరిమితి సడలదు. ఉద్యోగమే లక్ష్యమైనచో ఆ ఉద్యోగపు నిబంధనలను ముందుగా చదువుడు.

కాలము ఎక్కడిది?

దినమునకు ఒక్క గంట చదివినచో మూడేండ్లలో వేయి గంటలు దాటును. బీడీలు చుట్టు తల్లికైనను, పొలము చేయు రైతుకైనను ఆ గంట దొరకుట సులభము కాదు. నాట్ల దినములలో, పత్తి ఏరు నెలలలో అసలే దొరకదు. కనుక పని తక్కువగనుండు నెలలలో ముందుకు చదివియుంచుట మేలు. ఇంటివారు సైతము ఆ గంటలో వంటపనియో పశువుల పనియో పంచుకొనవలెను. దరఖాస్తుపై సంతకము చదువువారిదే. కాని ఆ చదువు నిలుచుట ఇంటిల్లిపాది సహకారముననే గలదు.

గ్రామమున ఇట్టి కోరిక గలవారు ఇద్దరు ముగ్గురైనను ఉందురు. వారు ఒకరి నొకరు ఎరిగి, పుస్తకములు పంచుకొని, కలిసి తరగతులకు పోయినచో సిగ్గు సగము తగ్గును, బస్సు ప్రయాణమును భారమనిపింపదు. నేడే పెట్టె తెరచి, ఆ పాత మెమోను బయటకు తీసి చూడవలసినదిగా కోరుచున్నాము.