తిట్ల సంగతి సరే, ఒప్పందం చదివారా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఓ ఫుట్‌బాల్ క్లబ్ జూనియర్ జట్టులో మిడ్‌ఫీల్డర్. కోచ్ అందరి ముందూ తిడతారు, మ్యాచ్‌లో దించరు. ఇప్పుడు అయిదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టించమంటారా?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: ఆ అయిదేళ్ల దగ్గరే ఆగండి. ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడితో ప్రొఫెషనల్ ఒప్పందం మూడేళ్లు మించకూడదు. ఈ సంగతి క్లబ్ వాళ్లకు తెలియదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఇక తిట్లు. తప్పు చూపించి తిట్టే కోచ్ వేరు, పరువు తీయడానికే తిట్టేవాడు వేరు. మీవాడు ఏ రకం చేతిలో పడ్డాడో వాడినే అడగండి. నాకైతే తిట్లకన్నా బెంచీయే పెద్ద సమస్యగా కనిపిస్తోంది. 2011–12లో మాంచెస్టర్ యునైటెడ్‌లో కుర్ర మిడ్‌ఫీల్డర్ పాల్ పోగ్బాకు ప్రీమియర్ లీగ్‌లో దక్కినవి మూడే మ్యాచ్‌లు. పైగా రిటైరైన ఆ జట్టు సీనియర్ మిడ్‌ఫీల్డర్ పాల్ స్కోల్స్ జనవరిలో మళ్లీ బూట్లు కట్టాడు. పోగ్బా కొత్త ఒప్పందం కాదనుకుని యువెంటస్‌కు వెళ్లిపోయాడు. 2016లో అదే యునైటెడ్ 8.9 కోట్ల పౌండ్లు పోసి వెనక్కి తెచ్చుకుంది. అయితే పోగ్బా వెళ్లింది తనను ఆడించే చోటికి. మీవాడికి అలాంటి పిలుపు ఏదైనా ఉందా? లేకపోతే ఒకటి రెండేళ్లకే ఒప్పందం అడగండి. జీతం, గాయమైతే వైద్యం ఖర్చు, చదువుకు సెలవులు అన్నీ కాగితం మీద రాయించండి. గడువు చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో ఒప్పందం కుదుర్చుకునే హక్కు వాడికి ఎలాగూ ఉంటుంది.