నిందపడిన పసుపు పువ్వు

పెండ్లికూతురి చేతిలోని పూలగుత్తిలో గులాబీల నడుమ సన్నని పసుపుపచ్చ రెమ్మలను కొన్నిసారులు మనము చూచుచుందుము. అవి తరచుగా గోల్డెన్‌రాడ్ అను మొక్క రెమ్మలే. బంగారు కఱ్ఱ అని ఆ పేరునకు అర్థము. ఇక్కడ దీనిని తోటలలో పెంచుదురు గాని, దీని స్వస్థలము ముఖ్యముగా ఉత్తర అమెరికా. అక్కడ రోడ్ల ప్రక్కలను, బీళ్ళలోను తనంతట తానే మొలచును. ఇది చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. కెనడా గోల్డెన్‌రాడ్ అను జాతి మనిషి ఎత్తు పెరిగి, ఆగస్టు మొదలు అక్టోబరు వరకు విరగబూయును.

సరిగా ఆ నెలలలోనే అక్కడి జనులకు తుమ్ములు, కండ్ల దురద, ముక్కు కారుట ఎక్కువగును. కంటికి కనబడు పువ్వు ఇదే గనుక, కారణమును ఇదేయని చాలమంది తలంతురు. కాని దీని పుప్పొడి బరువైనది, జిగురుగలది. అది గాలిలో అంతగా ఎగురదు. తేనెటీగల కాళ్ళకు అంటుకొని పోవును. అసలు దోషి అదే కాలమున పూయు రాగ్‌వీడ్ అను మొక్క. దాని పువ్వులు పచ్చగా, చిన్నవిగా ఉండి ఎవరి కంటను పడవు గాని, దాని పుప్పొడి గాలిలో బహుదూరము పోవును. మన పొలములను పాడుచేయు వయ్యారిభామకు అది దగ్గరి చుట్టము. వయ్యారిభామను పీకి చేతులు దద్దురులెక్కినవారు మనలో కలరు. వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

తప్పు నింద వలన గోల్డెన్‌రాడ్‌ను పీకివేసినచో నష్టము ఎవరికి? తేనెటీగలకు. చలికాలమునకు ముందు తక్కిన పువ్వులు చాలవరకు వాడిపోయినప్పుడు, అవి దీని మకరందమునే కూర్చుకొనును. మోనార్క్ అను సీతాకోకచిలుకలును మెక్సికోకు పోవు దారిలో దీనిపై వ్రాలి ఆకలి తీర్చుకొనును.

విద్యుద్దీపముతో పేరుపొందిన థామస్ ఎడిసన్ గారు తమ చివరి యేండ్లలో, 1931లో చనిపోవువరకు, రబ్బరు నిచ్చు మొక్కలకై వేలకొలది మొక్కలను పరీక్షించి ఈ గోల్డెన్‌రాడ్‌నే ఎన్నుకొనిరి. దాని ఆకులలో రబ్బరు కలదు.

అట్లని కెనడా జాతిని తెచ్చి మన గట్లమీద నాటుడని మేము చెప్పము. ఐరోపాకు, చైనాకు తోటపువ్వుగా తెచ్చిన ఆ జాతియే నేలలోపల వేళ్ళవలె పాకు కాండములతో వ్యాపించి అక్కడి మొక్కలను అణచివేయుచున్నది. మన వయ్యారిభామయు అమెరికానుండి వచ్చినదే.