ఎండాకాలంలో వీడియో రెండరింగ్: ప్రాసెసర్ వేడిని ఇలా తగ్గించండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు మే నెల అంటే పెద్ద పరీక్షే. బయట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, లోపల డెలివరీ డేట్ దగ్గర పడుతుంది. గండికోటలో తీసిన 4కె డ్రోన్ షాట్స్ రెండర్‌కి పెడితే మొదట స్పీడ్‌గా వెళ్లి, తర్వాత నత్తనడకే.

కారణం సింపుల్. ఫ్యాన్ లాగేది గదిలోని గాలినే. గది 25 డిగ్రీలున్నప్పుడు 85 దగ్గర నడిచే ప్రాసెసర్, గది 40కి వెళ్తే 100 దాకా పోతుంది. అప్పుడు పాడవకుండా తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు.

ఏం చేయాలి?

1. ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. ఇంటెల్ క్విక్ సింక్, ఎన్విడియా ఎన్‌వెంక్ లాంటివి ప్రాసెసర్ కోర్ల మీద లోడ్ బాగా తగ్గిస్తాయి. క్వాలిటీ తగ్గినట్టు అనిపిస్తే బిట్‌రేట్ కొంచెం పెంచండి.

2. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతానికి మార్చండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దీంతో టర్బో ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనుకోకండి. టర్బోలో వోల్టేజ్ కూడా పెరుగుతుంది కాబట్టి, వచ్చే స్పీడ్ కంటే పుట్టే వేడే ఎక్కువ.

3. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టొద్దు. వెనకవైపు కాస్త ఎత్తండి, ఫ్యాన్ దుమ్ము క్లీన్ చేయించండి. నీళ్ల కూలర్ తేమగాలి నేరుగా తగలనివ్వొద్దు.

పదినిమిషాల టైమ్‌లైన్‌ని పాత, కొత్త సెట్టింగ్స్‌తో ఒక్కోసారి రెండర్ చేసి టైమ్ నోట్ చేసుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ కూడా చూడండి. మీ మెషీన్‌కి ఏది సెట్ అవుతుందో తెలిసిపోతుంది. పెద్ద రెండర్ మాత్రం తెల్లవారుజామున పెట్టండి, అప్పుడే గది చల్లగా ఉంటుంది.