సర్కారు చెయ్యి ఎక్కడిదాకా?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: సంప్రదాయవాదులంటే వ్యాపారంలో ప్రభుత్వం అసలు వేలు పెట్టకూడదనేవాళ్లని క్లాసులో చెప్పారు. రాజాజీని అందుకు ఉదాహరణగా చూపించారు. కానీ మద్యనిషేధం పెట్టింది కూడా ఆయనేనని చదివాను. ఈ రెండూ ఎలా పొసగుతాయి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: క్లాసులో మీరు విన్నది సగం నిజం. 1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యేనాటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. యుద్ధకాలంలో మొదలైన ఆహార ధాన్యాల రేషను, రవాణా ఆంక్షలు అప్పటికీ నడుస్తున్నాయి. పదవిలోకి వచ్చిన రెండు నెలలకే ఆయన వాటిని ఎత్తేశారు. ధరలు చుక్కలనంటుతాయని భయపడ్డవాళ్లు చాలామంది. ఆ భయం నిజం కాలేదు, దాచిన ధాన్యం అంగళ్లకు వచ్చింది. తర్వాతి ఏళ్లలో పంటలు బాగా పండడం కూడా కలిసొచ్చింది కాబట్టి ఘనతంతా ఆ ఒక్క ఉత్తర్వుకే కట్టబెట్టలేం. అయినా పాఠం మిగిలింది. ఏ ఊళ్లో ఎంత గింజ ఉందో, దాన్ని ఎప్పుడు అమ్మాలో కలెక్టరు కచేరీ కంటే రైతుకూ వర్తకుడికీ ఎక్కువ తెలుసు.

ఈ నమ్మకమే 1959లో స్వతంత్ర పార్టీ అయింది. ఆ ఏడాది నాగపూర్ కాంగ్రెస్ సభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానిస్తే, నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా పార్టీ వదిలి బయటికొచ్చి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఎరువులు, అప్పు, అమ్మకం కోసం రైతులు కలవడం ఆయనకు సమ్మతమే. కానీ పొలం గట్లు చెరిపేసి అందరి భూమినీ ఒకటి చేయడాన్ని ఒప్పుకోలేదు. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా, కొత్త వస్తువు తయారుచేయాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాలి. దీన్నే రాజాజీ పర్మిట్, లైసెన్సు రాజ్ అన్నారు. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 లోక్‌సభ స్థానాలతో ప్రతిపక్షాల్లో అన్నిటికంటే పెద్దదైంది.

ఇక మద్యం. 1937లో రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. సంప్రదాయవాదికి స్వేచ్ఛ ఒక్కటే విలువ కాదు. కుటుంబం, పొదుపు, నడవడిక కూడా కాపాడుకోవాల్సినవే. కూలి డబ్బు కల్లుదుకాణంలో పోతుంటే పస్తులుండేది తాగినవాడి పెళ్లాం పిల్లలు. ఆయన ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. కానీ ధాన్యం కంట్రోళ్లలో ఆయన ఖండించిన దొంగచాటు వ్యాపారం, లంచం, నిషేధంలోనూ పుట్టుకొస్తాయి. ఒకచోట పట్టుకున్న సత్యాన్ని రెండోచోట ఆయన వదిలేశారని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది తరాలుగా బంగారు పని. బంగారం నియంత్రణ చట్టం వచ్చినప్పుడు మా తాతగారు పని మానేసి ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు హాల్‌మార్కింగ్ తప్పనిసరి అంటున్నారు. మళ్లీ అదే కథా?
– ఒక స్వర్ణకారుడు, ప్రొద్దుటూరు

జవాబు: కాదండీ. లోహం ఒకటే అయినా ఈ రెండు నియంత్రణల స్వభావం పూర్తిగా వేరు. ఈ అంశం మొత్తానికి మీ ఉత్తరం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

1962 చైనా యుద్ధంతో విదేశీ మారకానికి కటకట వచ్చింది. 1963 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయకూడదని నిబంధన తెచ్చారు. మన ఇళ్లలో పెళ్లికి 14 క్యారెట్ల మంగళసూత్రం ఎవరు చేయించుకుంటారు? దేశమంతటా లక్షల స్వర్ణకార కుటుంబాల జీవనం దెబ్బతింది, ఆత్మహత్యలు కూడా జరిగాయి. 14 క్యారెట్ల షరతు కొన్నేళ్లకే పోయినా, 1968లో వచ్చిన చట్టం కడ్డీలు, బిస్కెట్లు మామూలు మనిషి దగ్గర ఉండడాన్నే నేరం చేసింది. జనం బంగారం కొనడం మానలేదు. అది దొంగదారిలో రేవులకు చేరింది. తమ దగ్గరికి వచ్చిన బంగారం దేశంలోకి ఎలా వచ్చిందో స్వర్ణకారులకు తెలియదు, కానీ సోదాలు జరిగేది మాత్రం వాళ్ల దుకాణాల్లోనే.

1969లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లను కొట్టేసింది. డీలరుకు లైసెన్సు ఇవ్వాలా వద్దా అనేదానికి ప్రజాప్రయోజనం, దరఖాస్తుదారు యోగ్యత వంటి పదాలు పెట్టి, వాటి అర్థం అధికారికే వదిలేయడం తప్పని తీర్పు చెప్పింది. సంప్రదాయవాదుల ప్రధాన అభ్యంతరం కూడా ఇదే. చట్టం అందరికీ ముందే తెలిసి, అందరికీ ఒకేలా ఉండాలి. ఒక అధికారి ఇష్టాయిష్టాల మీద జీవనోపాధి ఆధారపడకూడదు. చివరికి 1990లో ఆ చట్టం రద్దయింది. రద్దు చేసింది సోషలిస్టు అయిన మధు దండావతే. అనుభవం నేర్పినదాన్ని సిద్ధాంతం పక్కనపెట్టి ఒప్పుకున్న ఆ పెద్దమనిషికి నమస్కరించాలి.

2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్కు మీరు ఎంత బంగారం కొనాలో, ఎవరికి అమ్మాలో చెప్పదు. 22 క్యారెట్లని చెప్పి అమ్మితే అది 22 క్యారెట్లే అయి ఉండాలంటుంది. నగ మీద ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది. కొన్నవాళ్లు ఫోనులోనే సరిచూసుకోవచ్చు. కంటితో చూసి పోల్చుకోలేని కల్తీని అడ్డుకోవడం పాలకుడి పని అని సంప్రదాయవాదులు ఎప్పుడూ ఒప్పుకున్నారు. ఇంగ్లండులో 1300వ సంవత్సరపు చట్టమే వెండి వస్తువుల మీద ముద్రను తప్పనిసరి చేసి, పరీక్షించే పనిని స్వర్ణకార సంఘం పెద్దలకు అప్పగించింది. నిజాయితీగా పనిచేసే మీలాంటివాళ్లకు ముద్ర వల్ల మేలే. ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవరు ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు కూడా. పరీక్ష కేంద్రాలు దూరంగా ఉన్నాయనో, ఆలస్యం అవుతోందనో మీకు ఫిర్యాదు ఉంటే అది న్యాయమైనదే. దాన్ని గట్టిగా వినిపించండి.

ప్రశ్న: 1991లో లైసెన్సులు ఎత్తేసిన పి.వి. నరసింహారావు స్వతంత్ర పార్టీ భావాల మనిషేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: కాదు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టిన కాంగ్రెస్ మనిషి ఆయన. 1991 జూలై 24 విధాన ప్రకటన 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులను రద్దు చేసింది. మరుసటి ఏడాదే ఆ ప్రభుత్వం షేర్ మార్కెట్‌ను కనిపెట్టి ఉండే సెబీకి చట్టబద్ధమైన అధికారాలిచ్చింది. పర్మిషన్లు తగ్గించి మోసాల మీద నిఘా పెంచడం ఒకే ఆలోచనలోని రెండు భాగాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: 2020 మే 7న మా ఊరి పక్కనే ఉన్న ఫ్యాక్టరీలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. ఇది చూశాక కూడా నియంత్రణ తగ్గించాలని ఎవరైనా ఎలా అంటారు?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనది. నిద్రలో ఉన్న పసిపిల్లలు ఆ గాలి పీల్చాలని ఎంచుకోలేదు. ఒప్పందంలో లేని మూడోవాడికి హాని జరిగేచోట ప్రభుత్వం కలగజేసుకోవడం దాని మొదటి ధర్మం. ఈ మాటను కాదనే సంప్రదాయవాది తన సంప్రదాయాన్నే మరిచినట్టు.

అక్కడ కాగితాలకు కొదవ లేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతులున్నాయి. కేంద్ర పర్యావరణ అనుమతి మాత్రం లేదని కంపెనీ అంతకుముందే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అయినా ఎవరూ ఆపలేదు. 1961లో ఊరికి దూరంగా పెట్టిన ఫ్యాక్టరీ చుట్టూ ఇళ్లు పెరుగుతుంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. ప్రమాదకర రసాయనాలు వాడే కంపెనీలు బీమా చేయించాలని 1991 చట్టం ఉంది. తప్పెవరిదో తేలక ముందే ఆ చట్టం కింద మరణానికి అందే పరిహారం 2020లో కూడా 25,000 రూపాయలే. ప్రాణానికి అంత తక్కువ వెల కడితే బీమా సంస్థ వచ్చి స్టైరీన్ ట్యాంకు ఉష్ణోగ్రత ఎందుకు చూస్తుంది? జాతీయ హరిత ట్రిబ్యునల్ వెంటనే 50 కోట్లు జమచేయమని ఆదేశించింది. బాధ్యత అంత బరువుగా ఉంటుందని ముందే తెలిసి ఉంటే కంపెనీ ట్యాంకులను వేరేలా చూసుకునేది. అయితే బాధ్యత భయం ఒక్కటే చాలదు. ప్రాణం పోయాక వచ్చే పరిహారం ప్రాణాన్ని తేదు కాబట్టి ఇలాంటిచోట ముందస్తు తనిఖీ ఉండి తీరాలి. తనిఖీకి వచ్చేది రసాయనం తెలిసిన ఇంజనీరు కావాలి.

ప్రశ్న: డల్లాస్‌లో మేం కరెంటు కంపెనీని మార్కెట్లో ఎంచుకుంటాం. 2021 చలిలో మాత్రం రోజుల తరబడి కరెంటు లేదు. అమెరికా కన్జర్వేటివ్‌లు దీన్నించి ఏమైనా నేర్చుకున్నారా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్

జవాబు: కొంత నేర్చుకున్నారు. 1999లో గవర్నర్ జార్జ్ బుష్ సంతకంతో వచ్చిన చట్టం వల్ల 2002 నుంచి మీకు ఆ ఎంపిక దొరికింది. 2011లోనూ చలికి విద్యుత్కేంద్రాలు ఆగిపోయాయి. యంత్రాలను, పైపులను చలికి తట్టుకునేలా చేయమని కేంద్ర సంస్థల నివేదిక చెప్పినా తప్పనిసరి చేయలేదు. 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర లెక్కల ప్రకారమే 246 మంది చనిపోయారు. ఆ తర్వాత రిపబ్లికన్లు ఎక్కువగా ఉన్న శాసనసభే ఆ పనిని చట్టం ద్వారా తప్పనిసరి చేసింది. అరుదుగా వచ్చే విపత్తు కోసం ముందుగా ఖర్చుపెట్టడానికి పోటీ కంపెనీలు వాటంతట అవి ముందుకు రావు. అక్కడ అందరికీ ఒకే నియమం కావాలి. అలాగని ధరలు ప్రభుత్వమే నిర్ణయించాలని దీనర్థం కాదు.

అక్కడి కన్జర్వేటివ్‌లది ఒకే గొంతు కూడా కాదు. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థను పెట్టింది నిక్సన్. 1981లో ప్రతి పెద్ద నిబంధనకూ లాభనష్టాల లెక్క చూపమని ఆదేశించింది రీగన్. ఇద్దరూ రిపబ్లికన్లే.

ప్రశ్న: మా అత్తగారూ నేనూ ఇంట్లో ఆవకాయ, గోంగూర పెట్టి అమ్ముతున్నాం. మాకూ లైసెన్సు కావాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: భయపడకండి. ఒకప్పుడు పచ్చళ్లు 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు కిందికి వచ్చేవి. పాత సీసాల మీద ఎఫ్‌పీఓ ముద్ర మీరు చూసే ఉంటారు. 2006 ఆహార భద్రత చట్టం అలాంటి ఉత్తర్వులను కలిపేసి, చిన్న తయారీదారులకు లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలంది. నియమం బరువు వ్యాపారం సైజుకు తగ్గట్టు ఉండాలన్న ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో మీరే చేసుకోవచ్చు, మధ్యవర్తికి డబ్బివ్వకండి. సీసా మీద తయారుచేసిన తేదీ, వాడిన నూనె పేరు రాయండి. వేరుశెనగ పడనివాళ్లు కొనేముందు చూసుకుంటారు.