హెప్సిడిన్: కిడ్నీ రోగుల్లో రక్తహీనత, గుండె ముప్పు

శరీరంలో ఇనుమును నియంత్రించే హార్మోన్ హెప్సిడిన్. 25 అమైనో ఆమ్లాలున్న ఈ పెప్టైడ్ కాలేయంలో తయారవుతుంది. కణాల నుంచి ఇనుమును రక్తంలోకి పంపే ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్‌ను ఇది నశింపజేస్తుంది.

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిలో ఇన్‌ఫ్లమేషన్ వల్ల హెప్సిడిన్ ఉత్పత్తి పెరుగుతుంది, మూత్రంలో విసర్జన తగ్గుతుంది. దాంతో పేగుల్లో ఇనుము శోషణ మందగిస్తుంది. నిల్వ ఇనుము మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాల్లోనే చిక్కుకుపోతుంది. ఎర్ర రక్తకణాల తయారీకి కిడ్నీలు విడుదల చేసే ఎరిత్రోపొయెటిన్ హార్మోన్ కూడా తగ్గి రక్తహీనత ముదురుతుంది.

రక్తహీనత వల్ల ఏర్పడే ఆక్సిజన్ కొరత తీర్చడానికి గుండె అధికంగా శ్రమించి, ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. డయాలసిస్ రోగుల్లో అధిక హెప్సిడిన్‌కు, గుండె జబ్బులకు సంబంధం ఉన్నట్లు అధ్యయనాలు గుర్తించాయి. అయితే హెప్సిడినే కారణమని రుజువు కాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఆ ప్రాంతంలోని పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.