హోమ్‌స్టేని మేనేజ్‌మెంట్ కంపెనీకి ఇస్తున్నారా? ముందు లాగిన్ ఎవరిదో చూడండి

చల్లపల్లిలో మా బాబాయి వాళ్ల డాబా ఇల్లు ఖాళీగా ఉంటోంది. ఆయన డల్లాస్‌లో, నేను విజయవాడలో. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లకీ, నాట్యం కోసం కూచిపూడి వచ్చేవాళ్లకీ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి చూడాలనుకునేవాళ్లకీ ఆ ఊరు బాగా అనువు. అందుకే రోజువారీ అద్దెకి ఇద్దామని ఒక ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీతో మాట్లాడాం. బుకింగ్‌లు, క్లీనింగ్, అతిథులతో మాటలు అన్నీ వాళ్లవి, వచ్చిన అద్దెలో వాటా తీసుకుంటారు. "ఫోన్లు, యాప్‌లు అంటూ తిరిగేది నువ్వే కదరా" అని అగ్రిమెంట్ చదివే పని బాబాయి నాకే అప్పజెప్పాడు.

అందరూ ముందు కమీషన్ చూస్తారు. నేనైతే లాగిన్ చూడమంటాను.

ఎయిర్‌బిఎన్‌బి లిస్టింగ్‌ని తమ అకౌంట్‌లోనే పెడతామని కంపెనీ అడిగింది. వినడానికి సుఖంగానే ఉంటుంది. కానీ రివ్యూలు లిస్టింగ్‌నే అంటిపెట్టుకుని ఉంటాయి. రెండేళ్లకి వాళ్లతో పడకపోతే ఇల్లు మీ దగ్గరుంటుంది, రివ్యూలు వాళ్ల దగ్గరుంటాయి. మీరు మళ్లీ సున్నా నుంచి మొదలు. దీనికి మందు కో-హోస్ట్ ఆప్షన్. లిస్టింగ్ మీ పేరున పెట్టి, కంపెనీని కో-హోస్ట్‌గా చేర్చండి. పర్మిషన్లు మూడు రకాలు: పూర్తి యాక్సెస్, క్యాలెండర్‌తోపాటు మెసేజ్‌లు, ఉత్త క్యాలెండర్. మేం రెండోది ఇస్తామన్నాం. కంపెనీ కాస్త నసిగింది, చివరికి ఒప్పుకుంది.

స్మార్ట్ లాక్ సంగతీ ఇంతే. చాలా బ్రాండ్లలో మొదట రిజిస్టర్ చేసిన అకౌంటే అడ్మిన్. బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్‌లోనే సెటప్ చేసి వెళ్లాడంటే మీ తలుపు అతని చేతిలో ఉన్నట్టే. మీ ఈమెయిల్‌తో సెటప్ చేయించి, కంపెనీకి విడిగా ఒక యూజర్ ఇవ్వండి. దివిసీమ పక్కన ఇల్లు కాబట్టి ఇంకోటి కూడా చూడాలి. గాలివానకి కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, డల్లాస్ నుంచి కొత్త కోడ్ పంపడం కుదరదు. నెట్ లేకపోయినా పిన్‌తో తెరుచుకునే లాక్, మామూలు తాళంచెవి పట్టే రంధ్రం, రౌటర్‌కి చిన్న యూపీఎస్... ఈ మూడూ లేకుండా కొనొద్దు. వేలిముద్ర సెన్సర్ మీద డబ్బులు తగలేయకండి, రోజుకొకరు మారే ఇంట్లో దానితో పనేముంది!

లోపల కెమెరా పెడదామని ఎవరన్నా అంటే వద్దనండి. 2024 ఏప్రిల్ 30 నుంచి ఎయిర్‌బిఎన్‌బి ఇంటిలోపలి కెమెరాలని పూర్తిగా నిషేధించింది, ముందే చెప్పినా సరే. బయట పెట్టుకోవచ్చు, అయితే లిస్టింగ్‌లో రాయాలి.

ఇక కమీషన్. ఇరవై శాతం అన్నారనుకుందాం, దేనిమీద? రెండు రాత్రులకి 6,000 రూపాయల బుకింగ్ తీసుకోండి. మొత్తం మీదైతే 1,200. హోస్ట్ దగ్గర ఎయిర్‌బిఎన్‌బి కోసే ఫీజు 15.5 శాతం అయితే, అది పోగా మిగిలిన 5,070 మీద 1,014. కమీషన్‌పై 18 శాతం జీఎస్టీ కలిసుందా, విడిగానా అన్నదీ రాతలో ఉండాలి. 1,200 మీద అదే 216 అవుతుంది.

రెండు సైట్లలో పెడితే ఐకాల్ లింక్‌తో క్యాలెండర్లు కలుపుతారు. అది వెంటనే అప్‌డేట్ అవదు. నాగుల చవితికి మోపిదేవి కిటకిటలాడుతుంది, ఆ రోజున ఒకే గదికి రెండు కుటుంబాలు దిగితే ఖర్చెవరిది? మా అగ్రిమెంట్‌లో ఆ లైనే లేదు. రాయించాం.

కూచిపూడి కోసం విదేశీ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు దిగితే 24 గంటల్లోగా వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, అది చట్టం. ఆ పని కంపెనీదని, ప్రతిసారీ రసీదు బాబాయి మెయిల్‌కి రావాలని చేర్పించాకే సంతకం పెట్టించాను.